దుబాసీ కన్ను

“కదలకండి” అన్నాను. కదిలారు. వద్దన్న పని తక్షణం చేయడం ఈయనకి పెళ్ళినాటి నుంచీ ఉన్నదే, ఇవాళ కొత్తగా పుట్టుకొచ్చిందేం కాదు. కానీ ఇవాళ ఒళ్ళు మండింది. ఉత్తరం కిటికీలోంచి వచ్చే ఈ తెల్లటి వెలుతురు మహా అయితే ఓ గంట నిలుస్తుంది, ఆ తర్వాత ఎదురు మేడ గోడ మీద ఎండ పడుతుంది, గదంతా పసుప్పచ్చ తిరిగిపోతుంది, ఆ పసుపులో కలిపిన రంగు వీధిలోకి వెళ్ళాక ఎవరి రంగో అయిపోతుంది. పైగా ఈయనగారి షరతు ఒకటి. ఒక్కసారే కూర్చుంటాను, కుదిరిందా సరే, కుదరలేదా మళ్ళీ నన్నడక్కు, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఓ మూల పడుంటాను, ఉద్యోగమూ వద్దు ఊళ్ళో తిరగడమూ వద్దు అని భోజనాల దగ్గర తేల్చి చెప్పేశారు. అందుకని నన్ను కట్టుకున్న మొగుడు నా ఎదురుగా, వచ్చేపోయే జనం కూర్చునే కుర్చీలో, ఒళ్ళో నల్లద్దాలు పెట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నారు. నేను చిటికెనవేలి గోరంత నల్లబిళ్ళని పుల్ల చివర అంటించి ఎడమచేత్తో పట్టుకున్నాను, బ్రష్షు కొస నాలిక మీద తడుపుకున్నాను, పెదనాన్న ఉంటే నెత్తిన మొట్టేవాడు, రంగుల్లో ఏ విషం ఉందో ఏమిటో నోట్లో పెట్టకే అని. మొదటి గీత గీశాను. గీసేటప్పుడు ఎటు చూస్తున్నానో గమనించుకోలేదు.

ఎడమ కన్ను తీసేశారు. కన్ను వెనక గడ్డ, ఉంచితే పాకుతుంది, తీసేస్తే మనిషి దక్కుతాడు అన్నారు డాక్టరుగారు, మేమిద్దరం తలూపాం, ఈయన పైగా డాక్టరుగారి వాక్యాన్ని మెల్లగా తనలో తాను మళ్ళీ అనుకున్నారు, ఏ భాషలోకి మారుస్తున్నారో మరి, అలవాటు. ఆసుపత్రిలో దుబాసీ ఈయన. ఈ రేవు ఊరికి ఓడల మీద వచ్చేవాళ్ళూ, పనుల కోసం వచ్చేవాళ్ళూ, వైద్యం కోసం వచ్చేవాళ్ళూ, ఎవడి భాష వాడిది. వాళ్ళ నొప్పి డాక్టరుకి, డాక్టరు మాట వాళ్ళకి చేరవేయడం ఈయన పని. తీసిన చోటు మానింది, అచ్చు ఆసుపత్రిలోనే తీశారు, ఆ అచ్చుకి సరిగ్గా తెల్లగుడ్డు పోసి పాలిష్ పెట్టి డబ్బాలో నా దగ్గరికి పంపారు. ఇక నా పని ఈ బిళ్ళ మీద నల్లగుడ్డు వేసి అందులో అమర్చడం. ఉన్న కంటిని చూసి లేని కంటికి రంగు వేయడం. కుదిరితే ఎదుటివాడికి తేడా తెలియదు. అద్దంలో తనకి కూడా మొదటిరోజు తెలియదు, తర్వాత మెల్లగా తెలుస్తుంది, అప్పటికి అలవాటైపోతుంది. ఎంతమందికి వేశానో, ఏ దేశపు మనుషులకి వేశానో, ఒక్కళ్ళ దగ్గరా జంకలేదు. ఇవాళ మాత్రం పొద్దున్నుంచీ ఒకటే భయం. రంగు కుదరదేమోనని కాదు, రంగుదేముంది, ఈ కంటి రంగు నాకు తెలియదా. ఈ గంటసేపైనా ఈయన నాకేసి చూస్తారా అని.

నాకేసి చూడ్డం లేదు. నా భుజం మీదుగా గోడకున్న మేకుని చూస్తున్నారు. అక్కడ పూర్వం పెదనాన్న ఫోటో ఉండేది. ఈ పని నాకు నేర్పింది ఆయనే, మా నాన్నకి పెద్దన్న, ఈ గదీ ఈ కిటికీ ఈ కుర్చీ అన్నీ ఆయనవే. ఆయన మొదట నేర్పింది రంగులు కాదు, మాట్లాడించడం. కుర్చీలో కూర్చున్న మనిషిని ఊరికే వదిలేశావా, చూపు బిగుసుకుపోతుందే, రెప్ప వాలిపోతుంది, అప్పుడు నువ్వు వేసేది బొమ్మ కన్ను అవుతుంది, అందుకని మాట్లాడించు అనేవాడు. కానీ కన్నెలా పోయిందని అడక్కు, ఏడుస్తారు, ఏడిస్తే తెల్లగుడ్డు ఎరుపెక్కి రంగు నాశనం. పెళ్ళాంపిల్లల సంగతి అడక్కు, ఓడ మీదొచ్చినవాళ్ళు అసలే ఏడుస్తారు. మరేం అడగను పెదనాన్నా అంటే, మీ భాషలో చూడ్డాన్ని ఏమంటారని అడుగు అన్నాడు. అది అడిగితే ఎవరూ ఏడవరట. ఒక్క క్షణం తెల్లబోయి, నవ్వి, చెప్తారట. చెప్పేటప్పుడు చూపు సరిగ్గా నీ మొహం మీద ఉంటుంది, అప్పుడు వెయ్యి గీత అనేవాడు. నిజమే. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి ఏడ్చినవాళ్ళని నేను చూడలేదు. ఆ ప్రశ్న ఇవాళ ఈయన్ని అడగలేదు. ఏముంది అడగడానికి, ఇద్దరిదీ ఒకే భాష, పైగా నేను పోగేసిన మాటల్లో సగం ఈయన నోటి మీదుగా వచ్చినవే.

మొదటి మాటతోనే వచ్చారు ఈ మహానుభావుడు. ఒక రష్యన్ నావికుణ్ణి వెంటబెట్టుకుని, బుగ్గన చాక్లెట్టు పెట్టుకుని, నెత్తిన అంత జుట్టుతో. నావికుడు కుర్చీలో కూర్చున్నాడు, దుబాసీ తిన్నగా వెళ్ళి కిటికీకి కుర్చీకి మధ్య నిలబడ్డాడు. నేను మామూలుగా నా ప్రశ్న అడిగాను. వాళ్ళిద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. “ఈయనకి రెండున్నాయటండీ, కళ్ళు అటు తిప్పడానికి ఒకటి, తిప్పాక నిజంగా ఏదైనా కంట్లో పడితే దానికి ఇంకొకటి, మీకే మాట కావాలని అడుగుతున్నాడు” అన్నాడు దుబాసీ. నాకు అసలే వెలుతురు పోయి చిరాగ్గా ఉంది. “జరగండి, వెలుతురుకి అడ్డం” అన్నాను. విన్నదల్లా చేరవేయడమే పనిగా ఉన్న మనిషి కదా, ఆ మాట కూడా శ్రద్ధగా అనువాదం చేసి ఆ నావికుడికి చెప్పాడు. పాపం అంత మనిషి లేచి, కుర్చీ ఎత్తుకుని, గది అవతలి మూలకి వెళ్ళి కూర్చున్నాడు. నేను తల పట్టుకున్నాను. “మిమ్మల్నండీ బాబూ!” అని అరిచాను. అప్పుడు తలెత్తి చూశాను దుబాసీని, ఆయనా నన్ను చూశాడు, ఇద్దరికీ నవ్వాగలేదు, ఏమిటో అర్థం కాకపోయినా నావికుడు కూడా నవ్వాడు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడుతోంది, ఆ కంట్లో తేనెరంగు, తేనెలో సన్నటి బంగారు గీతలు, కనుపాప కింద ఓ నువ్వుగింజంత మచ్చ. ఆ రాత్రి పడుకున్నాక, కుదురుగా గుర్తు తెచ్చుకుంటే ఆ కన్ను గీతగీతా వచ్చింది. నావికుడి కన్ను ఏ రంగో ఎంత ఆలోచించినా రాలేదు.

ఆ తర్వాత పనున్నా లేకపోయినా వచ్చేవారు. మనిషిని తేవడానికి కుదరకపోతే మాటొక్కటీ తెచ్చేవారు. పువ్వులు తెచ్చే మొగవాళ్ళుంటారు, మా దుబాసీగారు చూడ్డానికి మాటలు తెచ్చారు, ఖర్చు లేని పని అని మా అక్క ఎకసెక్కం చేసేది. జపానువాళ్ళు కూడా మనలాగే రుచిని చూస్తారోయ్, నాలిక మీద వేసుకుని చూడ్డం అంటారు, ఏదైనా పని చేసి చూడు అనడానికి కూడా చూడ్డమే వాడతారు, పసిపిల్లల్ని చూసుకోడానికీ అదే, ఎక్కడి వాళ్ళు ఎక్కడి మనం అని మెట్లెక్కుతూనే మొదలుపెట్టేవారు, ఆయాసంతో సగం మాటలు మింగేస్తూ. ఓడలో వంట చేసే చైనా ఆయన ఒకడు వచ్చాడు, వాళ్ళకి చూడ్డం ఒక మాట, చూపు వెళ్ళి అందితే దాని వెనక ఇంకో మాట తగిలిస్తారట, వెళ్ళి అందకపోతే ఆ రెంటి మధ్యన ‘లేదు’ పెడతారట. చూశాడు, లేదు, అందలేదు. ఆ ముక్క ఆయన నవ్వుతూ చెప్పాడు, పోయిన కంటి మీద అరచెయ్యి పెట్టుకుని. దూరపు ఎడారి నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం మా ప్రశ్నకి చిరాకుపడ్డాడు. కళ్ళదేముంది, మా వాళ్ళకి తెలియడం అనేది చెవి పని, విన్నవాడే తెలిసినవాడు, చెవి పోయి ఉంటే నేనూ మీలాగే కంగారుపడేవాణ్ణి అన్నాడట. ఒక మూగ చెవిటి అబ్బాయి రెండు వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టి ముందుకు చాపాడు, అదీ వాళ్ళకి చూడ్డం. ఒక కన్ను పోయినా రెండు వేళ్ళే చాపాడు, నేను గమనించానని తెలిసి నవ్వాడు. మరి మన మాట వాళ్ళకి చెప్పండి అంటే ఈయన తల గోక్కునేవారు. చెయ్యి చూస్తాం, పిల్లని చూస్తాం, అంతు చూస్తాం, ఎవరైనా రావాలంటే ఎదురు కూడా చూస్తాం, అవన్నీ ఎలాగో చెప్పొచ్చు, కానీ మీ నాన్నగారు నా సంబంధం గురించి ‘చూద్దాం’ అన్నారు చూడు, దాన్ని ఏ భాషలోకీ మార్చలేకపోతున్నాను, చూద్దాం అంటే చూడం అనేగా అర్థం అనేవారు. మా నాన్న ఏడాది పాటు చూద్దాం చూద్దాం అని, చివరికి చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

బ్రష్షు నడుస్తోంది. చెయ్యి ఇంత హాయిగా నడిచి ఎన్నాళ్ళయిందో. ముందు అడుగున ముదురు గోధుమరంగు, అది ఆరాక దాని మీద తేనె, తేనె మీద పసుపు కలిసిన సన్నటి గీతలు, కనుపాప నుంచి అంచుకి, అంచు నుంచి కనుపాపకి. ఒక్కో పొర ఆరేలోపు ఈయన గొంతు సవరించుకోవడం వినిపిస్తోంది. కుర్చీ కిర్రుమంటోంది. వీధిలో ఎవరో ఇనప తలుపు పైకెత్తుతున్నారు. తలెత్తి మేకుకేసి చూస్తున్న మనిషిని చూడ్డం నాకు కష్టంగా ఉంది, అందుకని బిళ్ళకేసే చూస్తున్నాను. సముద్రాల అవతల ఎక్కడో ఓ పెద్దనది అడవుల్లో ఉండేవాళ్ళ సంగతి ఈయన చెప్పింది గుర్తొస్తోంది. కుక్క వచ్చింది అని ఊరికే అనేయడానికి వీల్లేదట వాళ్ళ భాషలో. కళ్ళారా చూశావా, మొరిగితే విన్నావా, అడుగుజాడ చూసి వచ్చి ఉంటుందని అనుకున్నావా, పక్కింటావిడ చెప్పిందా, ఆ సంగతి క్రియలోనే తేల్చి చెప్పాలట. తేల్చకపోతే మాట పూర్తికానట్టేనట. భలే జనం, అబద్ధం చెప్పాలంటే వ్యాకరణం చూసుకోవాలి అని నవ్వారు ఈయన. నేను ఆ రోజు ఏం వంట చేస్తున్నానో మర్చిపోయి మాడబెట్టాను. మాడిందని ముక్కుతో తెలిసిందా కళ్ళతోనా అని అడిగారు, గరిటె విసిరాను.

సాయంత్రాలు మాత్రం మా ఇంట్లో ఒకే భాష. ఆసుపత్రికి పని నేర్చుకోవడానికి వచ్చిన జులూ జాతి నర్సు ఒకావిడ నేర్పిందట ఈయనకి, వాళ్ళు ఎదురుపడితే బాగున్నావా అనరట, ‘నిన్ను చూశాం’ అంటారట. ఎదుటివాళ్ళు ఊఁ, మేమూ నిన్ను చూశాం అంటారట. ఆ రోజు నుంచీ గుమ్మంలో చెప్పులు విప్పకముందే, చేతిలో సంచి దించకముందే, ‘నిన్ను చూశాం’ అనడం ఈయనకి పట్టుకుంది. నేను పనిలో ఉంటే పలికేదాన్ని కాదు. పలికేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. ఆఖరికి ‘ఊఁ చూశాంలెండి, దోమలొస్తున్నాయి తలుపెయ్యండి’ అంటే లోపలికొచ్చేవారు. దెబ్బలాడుకున్న రోజుల్లో కూడా, మొహం ముటముటలాడించుకుంటూనే, నిన్ను చూశాం అని గోడకి చెప్పినట్టు చెప్పేవారు. అంత చిన్న మాటకి మనిషి ఇంత అలవాటుపడుతుందా. ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన రోజు గుమ్మంలో నిలబడ్డారు, కంటికి కట్టు, చేతిలో మందుల సంచి. నేను కిందకి చూసి సంచి అందుకున్నాను. ఏమీ అనలేదు. ఆ రోజుతో ఆ మాట పోయింది. కన్ను తీసేస్తారని నాకు ముందే చెప్పారు, ఏడ్చాను, సిద్ధపడ్డాను. మాట కూడా తీసేస్తారని ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచీ మా ఇంట్లో సామానంతా నెమ్మదిగా జరిగిపోయింది. బల్ల దగ్గర ఎప్పుడూ నేను ఈయన ఎడమ పక్కన కూర్చునేదాన్ని, వడ్డించడానికి వీలు. ఒకరోజు చూస్తే నా కుర్చీ కుడి పక్కకొచ్చింది. మంచం మీద నా వైపు గోడ పక్క, చచ్చినా మార్చనిచ్చేదాన్ని కాదు, ఒకరోజు చూస్తే నా దిండు ఇవతలికొచ్చింది. వీధిలో నడిస్తే చుట్టూ తిరిగొచ్చి నాకు ఎడమ పక్కకి చేరతారు. అడగలేదు. ఏమని అడుగుతాను? ఆ పక్క నాకు చూపించడం ఇష్టం లేదు, అంతేగా. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళ గుంటలూ చూసిన దానికి మొగుడి గుంట చూపించడానికి సిగ్గుపడ్డారు. అద్దాలు రాత్రి దీపం ఆర్పాకే తీస్తారు. నేనూ మర్యాద నేర్చుకున్నాను. ఆయన గదిలోకి వస్తే గిన్నెలకేసి చూస్తాను, మాట్లాడితే చొక్కా బొత్తాలకేసి చూస్తాను. కన్ను పోయినవాళ్ళని తేరిపార చూడకూడదని పెదనాన్న బయటి జనానికి చెప్పేవాడు, పనిలో తప్ప. అంత జాగ్రత్తగా, కాలు కింద గాజుపెంకులున్నట్టు, ఇంట్లో తిరిగాను. పక్క గదిలోంచి ఆయన దగ్గు వింటుంటే మనిషి మీద బెంగ పెట్టుకునేదాన్ని. నట్టింట్లో ఉన్న మొగుడి మీద బెంగేమిటే పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా బెంగ తగ్గలేదు. ఆ తేనెకన్ను నాకేసి తిరిగి, తిరిగి ఊరుకోకుండా నన్ను అందుకుని, అదుగో ఇది నా పెళ్ళాం అని ఒక్కసారి అనుకుంటే చాలు, ఆస్తులొద్దు అంతస్తులొద్దు, అంతే కావాలి నాకు.

అయిపోయింది. ఆఖర్న కనుపాప కింద నువ్వుగింజ మచ్చ, బ్రష్షులో ఒక్క వెంట్రుకతో పెట్టాను. ఎంత బాగా వచ్చిందంటే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఇంత మంచి కన్ను వేయలేదు. ఇక దాని మీద ఓ నీటిచుక్క వేసి చూడ్డమే, చుక్క పడితేగానీ రంగు లోతు తెలియదు, పైన గాజులాంటి పొర పోశాక ఎలా ఉంటుందో ముందే చెప్పేది ఆ చుక్క. వేశాను. బిళ్ళ ఒక్కసారి ప్రాణం వచ్చినట్టు మెరిసింది. అదే తేనె. పుల్ల పట్టుకుని లేచి, ఈయన కుడికంటి పక్కన పెట్టి, రెంటినీ కలిపి చూశాను.

చుక్క జారి ఆయన చెంప మీద పడింది.

పక్కన ఉన్న కన్ను తేనెరంగు కాదు. తేనె ఎప్పుడో వెలిసిపోయింది, నానబెట్టిన చెక్కలాంటి రంగు మిగిలింది. బంగారు గీతలు లేవు. నువ్వుగింజ మచ్చ పక్కకి పాకి, అంచులు చెదిరి, వెతికితేగానీ దొరకడం లేదు. నల్లగుడ్డు చుట్టూ, పెద్దవయసులో వచ్చే బూడిదరంగు వలయం, పైన దట్టంగా, కింద పలచగా. ఈ వలయం ఒక్క రోజులో రాదు, ఏళ్ళు పడుతుంది, దానికి ఏళ్ళు పడుతుందని ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను ఈ గంటలో ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. కూడబలుక్కున్నట్టు ఆయన మేకుకేసి, నేను బిళ్ళకేసి. ఎన్నడూ ఏ నావికుడికీ ఏ కూలీకీ చేయని పని చేశాను, గుర్తున్న కన్ను వేశాను. ఆ అడవివాళ్ళు విని ఉంటే అడిగేవారు, నీ మొగుడి కన్ను తేనెరంగు అంటున్నావు, కళ్ళారా చూశావా అని.

“ఏదీ, ఇలా ఇవ్వు” అన్నారు ఈయన.

“వద్దు, సరిగా రాలేదు.”

“ఇవ్వవోయ్, నా కన్నేగా.” చేతిలోంచి పుల్ల లాక్కుని బల్ల మీది చేతి అద్దం తీసుకున్నారు. బిళ్ళని కన్ను పక్కన పెట్టుకుని చూశారు, అద్దం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. నవ్వుతారనుకున్నాను, కోప్పడతారనుకున్నాను. “ఇది నాది కాదే” అన్నారు మెల్లగా. “ఇది వాడిది. నీ వెలుతురుకి అడ్డం నిలబడ్డాడే, ఆ కుర్రాడిది. వీణ్ణింకా చూస్తూనే ఉన్నావా నువ్వు?”

తప్పు నాదైనప్పుడు నాకు వెంటనే వచ్చేది కోపం, అదే వచ్చింది. “మరి మీరు చూడనిస్తేగా! కుర్చీ మార్చారు, మంచం మార్చారు, వీధిలో నా చుట్టూ గిరగిరా తిరిగి అవతలికి పోతారు. ఆ పక్క నాకు కనబడకుండా దాచుకుంటుంటే నేనెక్కడ చూసేది, ఎలా చూసేది?” అన్నాను.

ఆయన అద్దం దించారు. నిజంగానే అర్థం కానట్టు మొహం పెట్టారు, వాక్యం విన్నాక ఏ భాషో పోల్చుకోలేనప్పుడు పెట్టే మొహం. “దాచుకోవడమా? ఎడమ పక్కనుంటే నువ్వు కనబడవు కదే. ఆ పక్కంతా చీకటి. అన్నం తింటూ నీకేసి చూద్దామంటే మెడ పట్టేస్తోంది. అందుకని జరిపాను” అన్నారు. అద్దం బల్ల మీద పెట్టి, “నువ్వే చూడ్డం మానేశావు. నేను గుమ్మంలోకొస్తే నువ్వు నా కాళ్ళకేసి చూస్తున్నావు. నిన్ను చూశాం అందామని నోరు తెరుస్తాను. తల దించుకున్న మనిషికి ఏమని చెప్పను? సరేలే, రోజంతా ఇవే గుంటలు చూసి వస్తుంది, ఇంట్లో కూడా ఎందుకని అద్దాలు పెట్టుకున్నాను” అన్నారు.

వీధిలో ఇనప తలుపు మళ్ళీ దించేశారు. ఆయన లేచి, మొహం కడుక్కొస్తాను అని బయట పంపు దగ్గరికి వెళ్ళారు. బిళ్ళ బల్ల మీద ఉంది, తేనెరంగుది, నీరు ఆరిపోయి మళ్ళీ మట్టిగా కనబడుతోంది. ఇలాంటివి గీకేసి మళ్ళీ వాడతాం. చాకు తీసుకున్నాను. ఆ కుర్రాణ్ణి గీకడానికి చేతులు రాలేదు, ఉంచుకోడానికీ మనసొప్పలేదు. ఆ కన్ను నాకేసి తిరగాలని కదూ ఇన్నాళ్ళూ కొట్టుకుంది, ఆ కన్నే ఇంట్లో లేకపోయె. ఉన్న కన్నేమో కుర్చీలు మోసుకుంటూ, దిండ్లు మార్చుకుంటూ, నా చుట్టూ తిరుగుతూ నాకోసం దారి వెతుక్కుంటోంది, ఎక్కడ కూర్చుంటే నేను కనబడతానా అని, నేను తల దించుకుని గిన్నెలు తోముకున్నాను. ఏడ్చాను. కన్ను ఎర్రబడితే రంగు తెలియదు, ఏడవకే అని పెదనాన్న అరిచినట్టే అనిపించింది, అయినా ఏడ్చాను. గీకేశాను. పొడి రాలింది, ఊదేశాను. కొత్త నల్లబిళ్ళ పుల్లకి అంటించాను. బూడిదరంగు కలుపుకున్నాను. వలయం మామూలుగా ఆఖర్న వేస్తాం, ఇవాళ దాంతోనే మొదలుపెడదామనుకున్నాను. కానీ చూడందే ఒక్క గీత వేయను, చచ్చినా వేయను, అందుకని బ్రష్షు గాల్లో పట్టుకుని గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాను. కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద నల్లద్దాలు మర్చిపోయారు.

గది మూలన పసుపు మొదలైంది. ఇక ఈయన రారు, ఒక్కసారే అన్నారుగా, ఆ ఒక్కసారీ నేను పాడుచేశాను, పంపు దగ్గర నుంచి అటే ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు అనుకున్నాను. పంపు నీళ్ళ చప్పుడు ఆగి చాలాసేపయింది. వెళ్ళిపోయినా మంచిదే, సాయంత్రం ఇంటికెళ్ళి గుమ్మంలో నేనే నిలబడతాను, నేనే అంటాను, పలికేదాకా లోపలికి వెళ్ళను, దోమలొస్తే రానీ అనుకున్నాను. అప్పుడు కిటికీ పక్కనున్న ఆ ఇరుకు గుమ్మంలో వెలుతురు సగం పోయింది. తలెత్తాను. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎడమ పక్క గుంటకి రెప్ప వాలి ఉంది, మొదటిసారి చూశాను, అంతే, ఓ రెప్ప. కుడి పక్క కన్ను, వెలిసిపోయింది, బూడిద వలయంది, మచ్చ చెదిరింది, మేకుకేసి కాదు, తిన్నగా నా మీద ఉంది.

“నిన్ను చూశాం” అన్నారు.

ఊఁ అనాలి. మేమూ చూశాం అనాలి. నోటికి రాలేదు, అంతలో పాత అలవాటే ఆదుకుంది. “జరగండి, వెలుతురుకి అడ్డం” అన్నాను.

జరగలేదు. నేనూ తొందరపెట్టలేదు.